ఊగే బల్లకాలు: మేకు కొట్టకుండా బిగించే పద్ధతి

బల్లకాలు ఊగడం మొదలుపెట్టాక చాలా ఇళ్లలో జరిగేది ఒక్కటే. ముందు ఒక కాగితాన్ని మడతలు పెట్టి కాలి కింద తోస్తారు. కొన్నాళ్లకు అది చాలదని తేలాక, సుత్తి వెతికి తెచ్చి, కాలికీ దాన్ని పట్టుకున్న అడ్డపట్టీకీ కలిపి రెండంగుళాల మేకు ఒకటి దిగ్గొడతారు. నేనూ అదే చేశాను. మా ఇంట్లో చదువుకోవడానికి వాడే టేకు బల్ల వెనక కాలికి నేను మేకు కొట్టిన మూడో రోజున, కాలి పైభాగంలో నిలువునా వెంట్రుకవాసి నెర్రె కనిపించింది. నెల తిరక్కుండా అందులో వేలిగోరు దూరేంత సందు పడింది. దాన్ని బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి మొదటి గంటంతా నా మేకును బయటికి తీయడానికే వెచ్చించి, ఆ తర్వాత అసలు పనిని అరగంటలో ముగించాడు. ఆ అరగంట పనిని మీరే చేసుకునే విధానాన్ని ఇక్కడ వివరిస్తాను.

మేకు ఎందుకు పనికిరాదో ముందు తెలుసుకుంటే మిగిలిన పనంతా సులువుగా అర్థమవుతుంది. చెక్క వానాకాలంలో గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఆ తేమను వదిలి కుంచించుకుంటుంది. ఈ మార్పు చెక్క పొడవునా దాదాపు ఉండదు, అడ్డంగా మాత్రం ఉంటుంది. కాలిలో తొలిచిన బెజ్జం, అందులో దూరిన అడ్డపట్టీ చివర ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి, ఏటా ఉబ్బుతూ తగ్గుతూ ఉండే ఆ రెండింటి మధ్య బంక పొర క్రమంగా పగిలిపోతుంది. సముద్రతీరపు జిల్లాల్లో చేసిన బల్లను వేసవిలో హైదరాబాదుకో అనంతపురానికో తరలించినా, రోజంతా ఏసీ నడిచే గదిలో ఉంచినా ఇది మరింత త్వరగా జరుగుతుంది. బంక పగిలిన అతుకులో మేకు కొడితే చెక్క కదలిక ఆగదు. కాలు ఊగినప్పుడల్లా మేకు తన చుట్టూ ఉన్న చెక్కను నలిపి, తన రంధ్రాన్ని తానే పెద్దది చేసుకుంటుంది. పైగా బెజ్జం ఉన్నచోట కాలి గోడలు అరంగుళం కూడా ఉండవు. మేకు చీలదీసేది సరిగ్గా అక్కడే.

ఊగేది కాలా, నేలా?

పనిముట్లు తీసే ముందు బల్లను గదిలో మరోచోటికి మార్చి చూడండి. ఒక మూల నొక్కినప్పుడు బల్ల మొత్తం ఒక్క ముక్కగా లేచి పడుతూ ఉంటే, నేల ఎగుడుదిగుడుగా ఉందనో, ఒక కాలు కొద్దిగా పొట్టిదనో అర్థం. అప్పుడు అతుకులను ముట్టుకోవలసిన పని లేదు. నాలుగు కాళ్లూ నేలకు ఆనే ఉండి, పై పలక మాత్రం పక్కలకు ఊగుతూ ఉంటే, అతుకే వదులైందన్నమాట. ఏ అతుకో తెలుసుకోవడానికి మరొకరి సాయం తీసుకోండి. మీరు కిందికి వంగి, బొటనవేలిని సగం కాలి మీద, సగం అడ్డపట్టీ మీద ఆనించి ఉంచండి. వారు బల్లను మెల్లగా ఊపుతుంటే, వదులైన చోట కాలూ పట్టీ విడివిడిగా కదలడం కంటికి ఆనకపోయినా వేలికి తెలుస్తుంది. ఇలా నాలుగు కాళ్లనూ పరీక్షించండి, ఎందుకంటే ఒక కాలు వదులైతే ఆ బరువును మోసిన పక్క కాలు కూడా చాలాసార్లు వదులై ఉంటుంది.

ఇదే సమయంలో స్క్రూడ్రైవరు మొనతో కాలి అడుగునా అతుకు చుట్టూ గట్టిగా పొడిచి చూడాలి. మంచి చెక్క మొనను ఆపేస్తుంది. మొన రస్కులోకి దిగినట్టు దిగినా, తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చినా, పిండిలాంటి పొడి రాలినా ఆ కాలిని చెదలో పుచ్చో తినేసిందని గ్రహించండి. అటువంటి కాలికి ఎంత బంక పెట్టినా వృథా, కొత్త కాలు చేయించడమే దారి.

అతుకు ఏ రకానిదో గుర్తించడం

బల్ల కిందికి ఫోను లైటు వేసి చూస్తే మూడింటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. మొదటిది మన వడ్రంగులు చేసే పాతకాలపు అతుకు. ఇందులో అడ్డపట్టీ చివరను సన్నని నాలుకలా చెక్కి, కాలిలో తొలిచిన బెజ్జంలోకి దింపి బంకతో బిగిస్తారు. ఈ నాలుకనే కుసి అంటారు. కొన్నిటికి కాలి బయటి నుంచి కుసిలోకి ఒక కొయ్య చీల కూడా దిగి ఉంటుంది. రెండోది కుసికి బదులు రెండు మూడు గుండ్రటి కొయ్య పుల్లలతో కలిపిన డోవెల్ అతుకు. మూడోది విడిభాగాలుగా పెట్టెలో వచ్చి ఇంట్లో బిగించుకునే డైనింగ్ టేబుళ్లలో కనిపిస్తుంది. మూలన ఏటవాలుగా ఒక ఇనుప పట్టీ గాని చెక్క దిమ్మె గాని ఉండి, కాలిలోంచి వచ్చిన బోల్టు దాని గుండా బయటికి వచ్చి నట్టుతో బిగిసి ఉంటుంది. మూడో రకం మీదైతే అదృష్టవంతులు. చాలావరకు మీ పని పది నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి దాని సంగతే ముందు చూద్దాం.

బోల్టుతో బిగించిన కాలు

బల్లను తిరగేసి, నట్టును సరైన పానాతో బిగించండి. బోల్టు 6 మిల్లీమీటర్లదైతే 10 నంబరు పానా, 8 మిల్లీమీటర్లదైతే 13 నంబరు పానా సరిపోతుంది. నట్టు కింద వెడల్పాటి వాషరు, దానిపైన స్ప్రింగ్ వాషరు లేకపోతే రెండూ వేయండి. హార్డ్‌వేర్ దుకాణంలో వాటి ఖరీదు ఎంతో ఉండదు, కాని నట్టు మళ్లీ వదులు కాకుండా చూసేవి అవే.

నట్టు ఎంత తిప్పినా బిగియకుండా తిరుగుతూనే ఉంటే, లోపం నట్టులో లేదు, కాలి లోపల బోల్టు మరలు పట్టుకున్న చెక్క నలిగిపోయింది. కాలిని విప్పి, బోల్టు మీద రెండు నట్లు ఎక్కించి, వాటిని ఒకదానికొకటి ఎదురుగా బిగించండి. అప్పుడు లోపలి నట్టును పానాతో తిప్పితే బోల్టే మర విప్పుకుని బయటికి వస్తుంది. ఆ రంధ్రాన్ని బర్మాతో శుభ్రంగా కొద్దిగా పెద్దది చేసి, దానికి సరిపోయే గట్టి చెక్క పుల్లను బంక రాసి దిగ్గొట్టి, ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత దాని మధ్యలో కొత్త రంధ్రం వేసి బోల్టు ఎక్కించాలి. టేకు, తుమ్మ వంటి గట్టి చెక్కలో 8 మిల్లీమీటర్ల బోల్టుకు 6 మిల్లీమీటర్ల పైచిలుకు రంధ్రం చాలు. మూలదిమ్మె స్క్రూలు మాత్రమే వదులై ఉంటే అంత హంగామా అక్కర్లేదు. అగరుబత్తీల వెదురు పుల్లలు రెండు మూడు బంకలో ముంచి రంధ్రంలో కుక్కి, పైకి వచ్చిన భాగాన్ని కోసేసి, ఆరాక స్క్రూను మళ్లీ ఎక్కించండి. చాలామంది ఈ పనికి అగ్గిపుల్లలు వాడతారు గాని, ఆ చెక్క మరీ మెత్తన. వెదురే నయం.

బంక అతుకును విప్పడం

ఇక కుసి అతుకు. ఇక్కడ పాటించవలసిన నియమం ఒక్కటే: అతుకును పూర్తిగా విప్పకుండా బాగుచేయడానికి ప్రయత్నించకండి. సందులోంచి బంక పోసి బిగిస్తే సరిపోతుందని అందరికీ ఆశగా ఉంటుంది. బంక అతుక్కునేది చెక్క నారలకు. లోపలి కుసి నిండా ఎండిన పాత బంక పొర ఉన్నప్పుడు, కొత్త బంక ఆ పొర మీద ఎండి, రెండు నెలల్లో పెచ్చులా లేచిపోతుంది.

ముందు సామాన్లు సమకూర్చుకోండి. కొయ్య సుత్తి, లేదా మామూలు సుత్తితో పాటు దెబ్బకు అడ్డుగా పెట్టే చెక్కముక్క, అరంగుళం ఉలి ఒకటి, ఉప్పుకాగితం, హ్యాక్సా బ్లేడు, పట్టుకారు, టేపు, తెల్ల వెనిగర్, చెక్కపనికి వాడే తెల్ల బంక, పాత గుడ్డలు కావాలి. క్లాంపులు రెండుంటే మంచిది, లేకపోతే ఏం చేయాలో తర్వాత చెబుతాను.

నేల మీద బొంత పరిచి, ఇద్దరు కలిసి బల్లను తలకిందులుగా పెట్టండి. విప్పే ముందు ప్రతి కాలికీ, అది కలిసే పట్టీకీ పెన్సిలుతో ఒకే గుర్తు వేయాలి: మొదటి కాలి మీద 1, దానికి తగిలే రెండు పట్టీల చివర్ల మీదా 1, ఇలా నాలుగింటికీ. చేతితో చేసిన బల్లలో ఏ రెండు కుసులూ ఒకే కొలతలో ఉండవు. ఈ గుర్తులు లేకపోతే, తీసేటప్పుడు తేలికగా వచ్చిన కాలు పెట్టేటప్పుడు ఏ బెజ్జంలోనూ కుదరక గంటసేపు తంటాలు పడతారు. పై పలకను పట్టి ఉంచిన స్క్రూలు తీసి, పలకను పక్కన పెడితే చట్రం ఒక్కటే మిగులుతుంది.

ఆ తర్వాత మేకుల కోసం వెతకండి. లాంబీ (చెక్క గుంటలు పూడ్చే ముద్ద) పూసిన చిన్న చుక్కల కింద పాత మేకుల తలలు దాగి ఉంటాయి. తల దొరికితే పట్టుకారుతో లాగండి. దొరక్కపోతే అతుకు సందులోకి హ్యాక్సా బ్లేడు దూర్చి మేకునే కోసేయండి. కొయ్య చీల ఉన్న అతుకైతే, దానికంటే కొంచెం సన్నని ఇనుప కడ్డీని ఆనించి అవతలికి తట్టాలి. ఇవన్నీ అయ్యాక, కాలికి చెక్కముక్క అడ్డుపెట్టి, అతుకుకు వీలైనంత దగ్గరగా, చిన్న చిన్న దెబ్బలతో కాలిని పట్టీకి దూరంగా తట్టుకుంటూ రండి. కాలి చివర కొడితే అది మీటలా పనిచేసి బెజ్జం గోడను విరుస్తుంది.

అతుకు ఒకవైపు మాత్రమే వదిలి, మరోవైపు పట్టి ఉంటే బలప్రయోగం చేయకండి. సందులో గోరువెచ్చని వెనిగర్ చుక్కలు చుక్కలుగా వేసి ఓ గంట ఆగితే తెల్ల బంక మెత్తబడుతుంది. బల్ల తాతల నాటిదైతే లోపల ఉన్నది మరో బంక కావచ్చు. ఫెవికాల్ మార్కెట్లోకి వచ్చింది 1959లో. అంతకు ముందు చేసిన సామాన్లలో తోళ్లూ ఎముకలూ ఉడికించి తీసిన బంకను వాడేవారు. దానికి వెనిగర్ కూడా అక్కర్లేదు, వేడినీళ్లలో ముంచిన గుడ్డను అతుకు చుట్టూ కాసేపు చుట్టి ఉంచితే కరిగి వదులుతుంది. గట్టిగా ఉన్న మిగతా అతుకులను మాత్రం ఊరికే విప్పవద్దు.

శుభ్రం చేయడం, సరిచూడటం

ఈ పనికి అందరూ పది నిమిషాలు కేటాయిస్తారు, నిజానికి కేటాయించవలసింది గంట. కుసి మీద గాజులా మెరుస్తూ కనిపించేది పాత బంక. ఉలిని దాదాపు నిలువుగా పట్టుకుని, కోయకుండా గీకుతూ పోతే అది పెచ్చులుగా రాలుతుంది. కింద లేత రంగు చెక్క నారలు కనిపించగానే ఆపేయండి. ఉప్పుకాగితంతో ఎక్కువగా రుద్దితే కుసి అంచులు గుండ్రబడి, మీ చేతులతో మీరే అతుకును మరింత వదులు చేసినవారవుతారు, కాబట్టి చివర ఒకసారి పైపైన రుద్దితే చాలు. బెజ్జం లోపలి గోడలను కూడా అలాగే గీకి, అడుగున పేరుకున్న బంక ముద్దను తీసేయాలి. అది అక్కడ ఉంటే కుసి చివరిదాకా దిగదు. వెనిగర్‌తోనో నీళ్లతోనో తడిపిన చెక్కను ఒక రోజు నీడలో ఆరబెట్టాకే బంక జోలికి వెళ్లండి.

ఇప్పుడు బంక లేకుండా కాలిని బిగించి చూడండి. చేతి బలంతో తోస్తే, చివర్లో ఒకటి రెండు సుత్తి తట్లతో కూర్చుంటే అది సరైన బిగువు. కాలిని గాల్లోకి ఎత్తినప్పుడు కుసి తనంతట తానే జారిపోతే సందు ఎక్కువగా ఉన్నట్టు. తెల్ల బంక సందులు నింపే వస్తువు కాదు, రంపపు పొట్టు కలిపినా దానికి ఆ బలం రాదు. చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టుకుంటూ వచ్చే చెక్క పొరలు ఏ వడ్రంగి దుకాణంలో అడిగినా ఇస్తారు. వాటిలో ఒకదాన్ని కుసి వెడల్పుకు కత్తిరించి, కుసికి రెండు వైపులా ఒక్కో పొర బంకతో అంటించి, నారల దిశ కుసి నారల దిశతో కలిసేలా చూసి, బరువు పెట్టి ఆరనివ్వండి. మళ్లీ దూర్చి చూడండి. బిగువు ఎక్కువైతే ఉప్పుకాగితంతో కొద్దికొద్దిగా తగ్గించండి. ఒకే వైపు మందంగా అంటిస్తే పట్టీ కాలికి ఓ పక్కకు జరిగిపోతుంది, అందుకే రెండు వైపులా సమానంగా వేయమంటున్నాను. బెజ్జం గోడలు చితికిపోయి పొరలతో సరిపుచ్చలేని స్థితిలో ఉంటే, అప్పుడు మాత్రం తెల్ల బంక మాని, రెండు ట్యూబుల్లో వచ్చే అరాల్డైట్ వంటి ఎపాక్సీని వాడాలి, అది సందులను నింపుతూ గట్టిపడుతుంది.

డోవెల్ అతుకులోనూ పద్ధతి ఇదే. విరిగిన పుల్ల రంధ్రంలో ఉండిపోతే దానికంటే సన్నని బర్మాతో మధ్యలో తొలిచి, మిగిలిన అంచును ఉలితో పీకి, అదే మందం గల కొత్త పుల్ల వేయాలి.

బంక పెట్టి బిగించడం

టేకు చెక్కలో సహజంగానే నూనె ఉంటుంది. బంక రాసే ముందు కుసినీ బెజ్జాన్నీ థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, అది ఎగిరిపోయేదాకా ఆగండి. కిటికీలు తెరిచి ఉంచడం, పొయ్యికి దూరంగా ఉండటం మరువవద్దు. మామిడి చెక్కకూ రబ్బరు చెక్కకూ ఈ తంతు అక్కర్లేదు.

ఫ్యాను ఆపేయండి. వేసవి మధ్యాహ్నం తిరిగే ఫ్యాను కింద తెల్ల బంక ఐదు నిమిషాల్లోనే పొర కట్టేస్తుంది, అప్పుడు మీరు అతికిస్తున్నది రెండు ఎండిన పొరలను. సన్నని పుల్లతో కుసి నాలుగు ముఖాలకూ, బెజ్జం గోడలకూ పలచగా, ఎక్కడా ఖాళీ లేకుండా బంక రాయండి. బెజ్జం అడుగున బంకను గుమ్మరించవద్దు. కుసి దిగేటప్పుడు ఆ బంకకు పోయే దారి లేక కాలినే చీల్చవచ్చు. గుర్తులు చూసుకుంటూ కాలిని దూర్చి, కుసి మొదట్లో పట్టీకి ఉండే అంచులు, అంటే అతుకు భుజాలు, కాలికి పూర్తిగా ఆనేదాకా తట్టండి. అతుకు చుట్టూ చిన్న చిన్న ముత్యాల్లా బంక బయటికి వస్తే సరిపడా రాసినట్టే. దాన్ని వెంటనే తడిగుడ్డతో తుడిచేయండి, ఎండితే ఆ మరక మీద పాలిష్ పట్టదు.

క్లాంపు ఉంటే కాలికి చెక్కముక్క అడ్డుపెట్టి పట్టీ పొడవునా బిగించండి. లేకపోతే పాత సైకిల్ ట్యూబును పొడవుగా చీల్చి, అతుకుల ఎత్తులో నాలుగు కాళ్ల చుట్టూ గట్టిగా లాగి నాలుగైదు చుట్లు చుట్టి ముడి వేయండి. రబ్బరు లాగుడు ఎక్కడా తగ్గదు, చెక్క మీద గీతలూ పడవు. తాడుతో కూడా చేయవచ్చు. కాళ్ల చుట్టూ రెండు పేటలుగా కట్టి, ఆ పేటల మధ్య ఒక కర్ర దూర్చి మెలితిప్పుతూ పోతే తాడు బిగిసి, కాళ్లను లోపలికి లాగుతుంది. తాడు ఒరిసే మూలల్లో అట్టముక్కలు పెట్టండి. ఎంత బిగించాలనే విషయంలో మాత్రం నిగ్రహం అవసరం. సందు మూసుకుపోయిన చోట ఆగండి, ఇంకా తిప్పితే చట్రం వంకరపోతుంది.

బంక ఇంకా పచ్చిగా ఉండగానే టేపు తీసుకుని, చట్రానికి ఒక మూల నుంచి ఎదురు మూలకు, మళ్లీ రెండో కర్ణం వెంట కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉంటే చట్రం మూలమట్టంగా ఉంది. ఒకటి పొడవుగా వస్తే ఆ రెండు మూలలనూ దగ్గరికి నొక్కి సరిచేయండి. తర్వాత చట్రాన్ని కాళ్ల మీద నిలబెట్టి, చదునైన నేల మీద నాలుగు కాళ్లూ ఆనుతున్నాయో లేదో చూడాలి. ఈ రెండు నిమిషాల తనిఖీ మానేసి, మర్నాడు మూడు కాళ్ల మీద నిలబడే బల్లను చూసి నిట్టూర్చిన అనుభవం నాది. రాత్రంతా అలా బిగించి ఉంచి, 24 గంటలు గడిచాకే పై పలక బిగించి బరువు పెట్టండి. ముసురు పట్టిన రోజుల్లో మరో రోజు ఆగడం మంచిది.

నెర్రె విచ్చిన కాలు, ఇతర చిక్కులు

నాలాగే మేకు కొట్టి కాలిని చీల్చుకున్నవారు, అతుకు బిగించడానికి ముందే ఆ నెర్రె సంగతి చూడాలి. మందుల దుకాణంలో దొరికే 5 మిల్లీలీటర్ల సిరంజిలో, కొద్దిగా నీళ్లు కలిపి జారుగా చేసిన బంకను నింపి, నెర్రెలోకి పై నుంచి కిందికి ఎక్కించండి. పలచటి ప్లాస్టిక్ కార్డు ముక్కను నెర్రెలో పైకీ కిందికీ ఆడిస్తే బంక లోతుకు చేరుతుంది. ఆ తర్వాత కాలి చుట్టూ సైకిల్ ట్యూబు చుట్టి ఒక రోజు వదిలేయండి. చెక్క నారల వెంట చీలిన నెర్రె శుభ్రంగా అతుక్కుంటుంది. మా బల్ల కాలికి ఇప్పుడు ఆ చోట పెన్సిలు గీతంత మచ్చ తప్ప మరేమీ లేదు. కాలు అడ్డంగా విరిగితే మాత్రం బంకను నమ్మవద్దు.

ఎల్ ఆకారపు ఇనుప పట్టీలు బిగించుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. గ్రైండరు పెట్టుకునే వంటింటి బల్లకో, పెరట్లో సామాన్లు పెట్టే బల్లకో నిస్సంకోచంగా బిగించుకోండి. అందం ఎవరూ చూడరు, పని గడుస్తుంది. వాటిని అడ్డపట్టీ లోపలి వైపున, అడ్డపట్టీ మందం కంటే పొట్టి స్క్రూలతో, ముందు సన్నని రంధ్రాలు వేసుకుని బిగించాలి. పొట్టుతో ఒత్తి చేసిన పార్టికల్ బోర్డు బల్ల అయితే, స్క్రూ ఊడిన రంధ్రం చుట్టూ బోర్డు పొడిపొడిగా రాలిపోతూ ఉంటుంది కాబట్టి, లోపలి మూలన నిజమైన చెక్క దిమ్మె ఒకటి పెట్టి, అటు నుంచి ఇటు దూరే బోల్టుతో బిగించడం తప్ప మరో మార్గం లేదు. ఆ బోర్డు ఒకసారి తడిసి ఉబ్బి ఉంటే దాని మీద ఇంకా డబ్బు పెట్టవద్దని నా సలహా.

చివరగా కాళ్ల అడుగు భాగాలు. ఇల్లు తుడిచిన నీళ్లు రోజూ పీల్చుకునేది అవే, ఎందుకంటే చెక్క నారల కొసలు అక్కడే తెరుచుకుని ఉంటాయి. బల్ల ఎలాగూ తిరగేసి ఉంది కాబట్టి, అడుగులకు రెండు పూతలు వార్నిష్ వేసి, ఆరాక రబ్బరు బుష్‌లు తొడగండి. బల్లను జరపవలసి వచ్చినప్పుడు ఒక చివర పట్టుకుని ఈడ్చకుండా, ఇద్దరు చెరోవైపు అడ్డపట్టీల కింద చేతులు వేసి ఎత్తండి. బోల్టుల బల్ల ఉన్నవారు నెల తర్వాత ఒకసారి పానా తీసుకుని నట్లు చూసుకోండి. కొత్త వాషరు చెక్కలో సర్దుకున్నాక పావు చుట్టు బిగువు మళ్లీ అవసరమవుతుంది.